ఆ దినములు ఎవరి నిమిత్తము?

పఠనభాగములు: జెకర్యా 7, 8 అధ్యాయములు, ఎస్తేరు 9:20–32, యెహోషువ 4వ అధ్యాయము.

ఏటేట తిరిగి వచ్చు దినములను గూర్చి ఈ మాసము ధ్యానించుదము. గుడి ప్రతిష్ఠ జరిగిన దినము, తండ్రి కన్నుమూసిన దినము, బిడ్డ పుట్టిన దినము, ఉప్పెన వచ్చిన దినము – ఇట్టివి లేని ఊరు లేదు, ఇల్లును లేదు. కొత్త కేలండరు గోడకు తగిలించిన వెంటనే ఇంటి యిల్లాలు కొన్ని తేదీలయొద్ద పెన్సిలుతో గుర్తు పెట్టుట మనమెరిగినదే. ఆ గుర్తు పెట్టిన దినము వచ్చినప్పుడు ఏమి చేయవలెను? ఇది చిన్న ప్రశ్నగా కనబడవచ్చును. అయితే పూర్వము కొందరు ఈ ప్రశ్న నిమిత్తమే ప్రయాణముచేసి వచ్చి, యెరూషలేములోని యాజకులను, ప్రవక్తలను అడిగిరి. వారికి కలిగిన జవాబు రెండు అధ్యాయములు నిండినది.

దర్యావేషు రాజు ఏలుబడియందు నాలుగవ సంవత్సరము, కిస్లేవు అను తొమ్మిదవ నెల, నాలుగవ దినము అని జెకర్యా తేదీతో సహా వ్రాసెను. మన లెక్క ప్రకారము అది క్రీస్తుపూర్వము 518వ సంవత్సరము డిసెంబరు మాసము. బేతేలువారు పంపిన మనుష్యులు వచ్చి, ఇన్నియేండ్లనుండి అయిదవ నెలలో ఉపవాసముండి ఏడ్చుచున్నామే, ఇకమీదట కూడ అట్లే చేయవలెనా అని అడిగిరి. అయిదవ నెలలో ఏమి జరిగెనో 2 రాజులు 25:8, 9 చూడుడి. బబులోను రాజు సేవకుడైన నెబూజరదాను ఆ నెలలోనే వచ్చి దేవాలయమును, రాజనగరును, పట్టణమందలి ఇండ్లను కాల్చివేసెను. అది క్రీస్తుపూర్వము 586వ సంవత్సరము. ఆనాటినుండి ఆ దినమును తప్పక ఏడ్పుతో గడుపుచు వచ్చిరి. ఇప్పుడు చూడగా కొత్త దేవాలయపు గోడలు లేచుచున్నవి. పని మొదలై రెండేండ్లయినది, మరి రెండేండ్లకు అది ముగియును (ఎజ్రా 6:15). గోడలు లేచుచుండగా పాతమంటలను గూర్చి ఇంకను ఏడ్వవలెనా? అడిగినవారిని మనము తప్పు పట్టనక్కరలేదు. అది న్యాయమైన ప్రశ్న.

వారు ఏడ్చినది ఆ యొక్క నెలలోనే కాదు. జెకర్యా 8:19 లో నాలుగు ఉపవాసములు చెప్పబడినవి. పదియవ నెలలో ముట్టడి మొదలాయెను. నాలుగవ నెలలో ప్రాకారము పగిలెను. అయిదవ నెలలో దేవాలయము కాలెను. ఏడవ నెలలో గెదల్యా చంపబడెను. ఒక జనము తన నాశనమును నాలుగు తేదీలుగా విభజించుకొని, ఒక్కటియు మరువకుండ కాపాడుకొన్నది. ఇందులో ఏడవ నెల ఉపవాసమును గూర్చి కొంచెము ఆగి ఆలోచింపవలెను. మిగిలిన మూడును శత్రువు చేసిన పనులు. గెదల్యాను చంపినది శత్రువు కాడు. రాజవంశీయుడైన ఇష్మాయేలు, అనగా స్వజనుడు, ఒకే బల్లయొద్ద భోజనము చేసి లేచి చంపెను (యిర్మీయా 41:1–3). తమవాడు చేసిన దుష్కార్యమునకు కూడ ఒక దినమును ఏర్పరచుకొని దుఃఖించుటకు వారికి ధైర్యము గలిగెను. మన సంఘముల శతజయంతి సంచికలను తిరుగవేసి చూచినయెడల పునాదిరాయి వేసినవారి పేర్లు, గంట బహూకరించినవారి పేర్లు, పెంకులు మార్పించినవారి పేర్లు కనబడును. సంఘము రెండుగా చీలిన సంవత్సరము మాత్రము కనబడదు. ఆ సంవత్సరమును ఊరంతయు ఎరుగును, సంచిక మాత్రము ఎరుగదు.

ఇక జవాబునకు వత్తము. ఏడ్వుడి అని గాని, మానుడి అని గాని ప్రవక్త చెప్పలేదు. ఆయన ఎదురు ప్రశ్న వేసెను. ఈ డెబ్బది సంవత్సరములు మీరు అయిదవ నెలను, ఏడవ నెలను ఉపవాసముండినప్పుడు, అది నిజముగా దేవుని నిమిత్తమేనా? మీరు తిని త్రాగినప్పుడు, అది మీ నిమిత్తమే గదా? (7:5, 6). వెంటనే, తేదీలకు ఏమియు సంబంధము లేనట్లు తోచు మాటలు వచ్చును: న్యాయముగా తీర్పు తీర్చుడి, ఒకరియెడల ఒకరు కనికరము చూపుడి, విధవరాలిని, తండ్రిలేనివానిని, పరదేశిని, బీదవానిని బాధింపకుడి (7:9, 10). మొదట చదివినప్పుడు, అడిగినదొకటి చెప్పినదొకటి గదా అనిపించును. రెండవమారు చదివినప్పుడు తెలియును. పట్టణము కాలుటకు కారణమేమో పూర్వపు ప్రవక్తలు ఇదివరకే చెప్పియుండిరి; ఈ పనులు చేయకపోవుటయే. కారణమును విడిచి తేదీని పట్టుకొన్నవారితో జెకర్యా మాటలాడుచున్నాడు.

దీనిని మన పల్లెలకు తెచ్చి చూతము. నేనెరిగిన యొక గ్రామమున ఒక కూలివాడు చనిపోయెను. భార్యయు, ఇద్దరు చిన్నబిడ్డలును మిగిలిరి. ఏడాది తిరిగినది. జ్ఞాపకార్థ కూడిక పెట్టనియెడల నలుగురు నాలుగు మాటలందురని ఆమె భయపడెను. షామియానా, మైకు, అచ్చువేయించిన ఫొటో కార్డులు, వచ్చినవారికందరికి భోజనము – దీనికంతటికి ఆమెకు మిగిలియున్న అరయెకరమును తాకట్టు పెట్టి అప్పు తెచ్చెను. కూడిక ఘనముగా జరిగినదని అందరును చెప్పుకొనిరి. చనిపోయినవాని మంచితనమును గూర్చి ముగ్గురు ప్రసంగించిరి. భోజనమైన తరువాత ఆకులెత్తినది ఆమెయే. ఆ మరుసటి సంవత్సరము పెద్దబిడ్డ బడి మానెను. ఆ అరయెకరము తిరిగి రాలేదు.

తిని త్రాగినది ఎవరి నిమిత్తము అను మాటయు, విధవరాలిని బాధింపకుడి అను మాటయు జెకర్యా యేడవ అధ్యాయములో ఎందుకు దగ్గరదగ్గరగా నున్నవో ఆ యింటిని ఎరిగినవారికి వేరుగా బోధింపనక్కరలేదు. ఆమెను ఎవరును బలవంతపెట్టలేదని పెద్దలు చెప్పవచ్చును. అది నిజమే. అయితే వద్దని చెప్పినవారును లేరు. ప్రార్థన చేసి, ఇంటివారికి చేయగలిగిన సహాయము చేసి, మంచినీళ్లు త్రాగి లేచుట మన సంఘములో మర్యాదయే అని పెద్దలు ముందుగా ఒక్క మాట చెప్పియుండినయెడల చాలియుండును. సంవత్సరీకపు కూడికకు ఆ యింటివారు సంఘమునకు పెట్టవలెనా, సంఘమే ఆ యింటివారికి పెట్టవలెనా? ఈ సంగతిని ప్రతి సంఘపు కమిటీయు ఒక తీర్మానముగా వ్రాసికొనుట మంచిదని నా అభిప్రాయము. నోటిమాటగా ఉన్నంతకాలము బీదవారే సిగ్గుపడుదురు.

భోజనము తప్పని నేను చెప్పుట లేదు. పూరీము పండుగను చూడుడి. అదారు నెల పదునాలుగవ, పదునైదవ దినములు యూదులకు దుఃఖము సంతోషముగా మారిన దినములు గనుక ఏటేట వాటిని ఆచరింపవలెనని మొర్దెకై పత్రికలు వ్రాసి పంపెను (ఎస్తేరు 9:20–22). విందు చేసికొనవలెనని అందులో నున్నది. దానితోకూడ ఒకరికొకరు వంటకములలో భాగములు పంపుకొనవలెననియు, దరిద్రులకు కానుకలు ఇయ్యవలెననియు ఉన్నది. ఆజ్ఞలోనే బీదవాని వంతు వ్రాయబడినది. తేదీకి అది తోక కాదు, తలయే అనవచ్చును. తప్పించుకొన్న ప్రాణములను గూర్చి సంతోషించువారు, ఇంకను తప్పించుకొననివారిని చూడకుండ ఆ దినమును గడుపరాదని మొర్దెకై ఎరిగియుండెను.

పుట్టినదినములను గూర్చి ఒక మాట. పుట్టినదినపు విందు పరిశుద్ధ గ్రంథములో స్పష్టముగా రెండుచోట్ల కనబడును. ఒకటి ఫరోది, ఆ దినమున భక్ష్యకారుల అధిపతి వ్రేలాడదీయబడెను (ఆదికాండము 40:20–22). మరియొకటి హేరోదుది, ఆ దినమున యోహాను తల పళ్లెములో వచ్చెను (మార్కు 6:21–28). దీనినిబట్టి బిడ్డల పుట్టినదినములు చేయగూడదని కొందరు వాదింతురు. నేనంత దూరము పోను. తల్లి తన బిడ్డను ఎత్తుకొని దేవునికి స్తోత్రము చెప్పుటలో దోషమేమి? కాని ఆ రెండు విందులలోను కూర్చున్నవారు తమ్మును తామే చూచుకొనుచుండిరనుట మాత్రము గుర్తుంచుకొనదగినది.

ఇప్పుడు రెండవ సంగతి. జ్ఞాపకదినము ఎవరి నిమిత్తము అనుదానికి బీదవాడు ఒక జవాబు. బిడ్డ మరియొక జవాబు. పస్కాను నియమించినప్పుడు, ఈ ఆచారమేమిటని మీ కుమారులు అడుగుదురు, అప్పుడు మీరు చెప్పవలెను అని మోషే ముందుగానే చెప్పెను (నిర్గమకాండము 12:26, 27). యొర్దాను దాటినప్పుడు యెహోషువ నదిలోనుండి పండ్రెండు రాళ్లను ఎత్తించి గిల్గాలులో నిలువబెట్టించెను. ఈ రాళ్లెందుకని పిల్లలు అడుగుదురు, వారికి తెలియజెప్పుడి అని ఆయనయు అదే మాట చెప్పెను (యెహోషువ 4:21–23). ఆ రాళ్లమీద ఏమైన వ్రాయబడినట్లు అచ్చట లేదు. ఎందుకనగా వాటిప్రక్కన ఒక పెద్దవాడు నిలిచి చెప్పవలెను. పిల్లవాని ప్రశ్నయే ఆ ఆచరణకు కీలకము. మన వార్షికోత్సవములలో పిల్లలు ప్రశ్న అడుగుటకు చోటెక్కడ నున్నది? వారు స్వాగతగీతము పాడి, బిస్కట్లు పుచ్చుకొని ముందువరుసలో కూర్చుందురు. ముఖ్య అతిథి ప్రసంగము ముగియునప్పటికి నిద్రపోవుదురు.

చెప్పువారు లేనప్పుడు రాయి ఏమగును? గిల్గాలు చరిత్రనే చూడుడి. కొన్ని వందల సంవత్సరముల తరువాత ఆమోసు కాలమునకు గిల్గాలు అపరాధమునకు పేరుపడిన స్థలమాయెను (ఆమోసు 4:4, 5:5). అచ్చటికి జనులు ఎడతెగక వచ్చుచునే యుండిరి. బలులు, కానుకలు తెచ్చుచునే యుండిరి. అరణ్యములో మోషే చేసిన ఇత్తడి సర్పమును గూర్చియు అట్లే చదువుదుము. అది రక్షణను జ్ఞాపకముచేయు వస్తువు. దానికి ధూపము వేయుట మొదలుపెట్టగా హిజ్కియా రాజు దానిని పగులగొట్టెను (2 రాజులు 18:4). సంగతి మరచిపోయి, వస్తువును మాత్రము ఉంచుకొన్నప్పుడు అట్లగును.

ఇట్టి మరపు మన తెలుగు సంఘముల చరిత్రలోను కలదు. ఒంగోలు ప్రార్థన కొండను ఎరుగనివారు మనలో తక్కువ. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ ఉదయమున జూయెట్ దొరయు, ఆయన భార్యయు, వారితోకూడ కొందరు తెలుగు విశ్వాసులును ఆ కొండ ఎక్కి, ఈ ప్రాంతమునకు ఒక బోధకుని పంపుమని ప్రార్థించిరి. క్లౌ దొర ఒంగోలునకు వచ్చి నివసించినది 1866వ సంవత్సరమున. ఆ యేడే యెఱ్ఱగుంట్ల పేరయ్య అను తోళ్ల వర్తకుడు బాప్తిస్మము పొందెను. 1867వ సంవత్సరము జనవరి 1వ తేదీని, అనగా కొండమీద ప్రార్థన జరిగిన పదుమూడేండ్లకు సరిగా అదే తేదీని, ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను. ఆ తరువాత 1878వ సంవత్సరము జూలై 3వ తేదీ. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ 2,222 అను అంకెను మన ప్రసంగికులు ఎన్నిమారులు చెప్పుదురో లెక్కలేదు. సులభముగా నోటికి వచ్చు అంకె. కాని ఆ అంకెకు ముందు జరిగినది చెప్పువారు మిక్కిలి తక్కువ. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. వానలు లేవు, పంటలు లేవు, పసువులు చచ్చెను, జనులు ఆకులలములు తిని బాటలప్రక్కన పడి చనిపోయిరి. క్లౌ దొర మునుపు భూమి కొలతపని నేర్చినవాడు. ఆయన ఇప్పుడు బకింగ్‌హామ్ కాలువ అని పిలువబడు కాలువలో సుమారు మూడు మైళ్లకు మించిన భాగమును త్రవ్వించు పని గుత్తకు తీసికొనెను. అచ్చట పనిచేసినవారికి కూలి దొరకెను, కూలితో గింజలు దొరకెను. ఆయన తన బోధకులనే పనిమీద పెద్దలుగా నిలిపెను. ఇతరచోట్ల కసరుటలును తోపుడులును పడుచుండిన మాదిగవాడలవారికి ఆ కాలువగట్టుమీద మనుష్యులవలె పనిచేసికొనుటకు సందు దొరకెను. సాయంకాలము గడ్డపారలు దించి కూర్చున్నప్పుడు బోధకులు వారికి వాక్యము చెప్పుచుండిరి.

ఇంకొక సంగతి. బాప్తిస్మమిమ్మని ఆ దినములలో గుంపులు గుంపులుగా అడిగిరి. గింజలకొరకు వచ్చిరను మాట రాకుండునట్లు, కరవుపనియు దానధర్మములును జరుగుచున్నంతకాలము, ఒక సంవత్సరమునకు మించి, క్లౌ దొర ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. సహాయము ముగిసిన తరువాతనే, ఇక ఇచ్చుటకు నాయొద్ద ఏమియు లేదని చెప్పిన తరువాతనే వారిని చేర్చుకొనెను. అట్లు వేచియున్నవారే ఆ జూలై 3వ తేదీని ఏటిగట్టున నిలిచిరి. ఆ దినమున క్లౌ దొర నీటిలో దిగి ఎవరికిని బాప్తిస్మమియ్యలేదు. ఆరుగురు పాదిరులు ఇద్దరిద్దరు చొప్పున దిగి, ఉదయమునుండి సాయంకాలమువరకు, మధ్యాహ్నము కొంత విరామముతో, ఆ పని ముగించిరి. అంకెను మాత్రమే చెప్పినప్పుడు పిల్లవానికి అది గొప్పగా తోచును, మరునాటికి మరచును. కాలువను, కరవును, వేచియుండిన నెలలను చెప్పినయెడల వాడు ప్రశ్న అడుగును. కూలికి పోవు తండ్రిగల పిల్లవాడు తప్పక అడుగును.

సంతోషపు తేదీని సగము చెప్పుటవలన మనకు గర్వము కలుగును, అంతే. దుఃఖపు తేదీని చెప్పకపోవుటవలన ప్రాణములే పోవచ్చును. కృష్ణా ముఖద్వారపు భూములను గూర్చి వ్రాయుచున్నాను. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి తుఫానుతో సముద్రము మచిలీపట్టణముమీదికి వచ్చెను. సుమారు 30,000 మంది చనిపోయిరి. నేడు అనేక సంఘములలో నవంబరు 2వ తేదీని సమాధులు శుభ్రముచేసి, సున్నము కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగింతురు. దానికి ముందటి రాత్రి ఎవరి రాత్రియో అని ఆ దీపములయొద్ద చెప్పుకొనుట నేనెక్కడను వినలేదు.

1864 నుండి 113 సంవత్సరములు గడచెను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, శనివారము. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలితో తుఫాను తీరము తాకెను. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రము లేచి దివిసీమమీద పడెను. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతముల పల్లెలు అనేకము కొట్టుకొనిపోయెను. కొన్నిచోట్ల నీరు పది కిలోమీటర్లకు మించి లోపలికి వచ్చెను. చనిపోయినవారు సుమారు 10,000 మంది అని ఒక లెక్క. అంతకు మించియుందురని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుదురు. హెచ్చరిక చేరని పల్లెలు అనేకము. చేరినచోటను సముద్రము ఇంత దూరము వచ్చునని నమ్మినవారు తక్కువ. కోతకు వచ్చిన వరి చేలలో నున్నది, పసువులు కొట్టములలో నున్నవి; వాటిని విడిచి పోవుట ఎట్లని నిలిచిపోయిరి. ఆ తరువాత దేశమంతయు కదలెను. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు మొదలైన నటులు వీధులలో తిరిగి జోలె పట్టిరి. శవములను ఎత్తినవారు, గుడిసెలు కట్టినవారు, బట్టలు పంచినవారు అన్ని మతములలోను నుండిరి.

మచిలీపట్టణపు దుఃఖమును ఆ నూట పదుమూడేండ్లు ప్రతి ఇంటను చెప్పుకొనియుండినయెడల 1977లో ఎందరు బ్రదికియుందురో దేవునికే తెలియును. గాలిని ఎవరును ఆపలేరు. కాని, సముద్రము ఇంత దూరము వచ్చును, మా తాత తాత దినములలో వచ్చినది అను మాట ఒక ముసలివాని నోట నుండినయెడల, పసువు త్రాడు విప్పి గట్టిమేడవైపు నడచినవారు కొందరైన నుండెడివారు.

ఇది ఊహ మాత్రమే కాదనుటకు 1990వ సంవత్సరమును చూడుడి. మే 9వ తేదీని మరల గొప్ప తుఫాను కృష్ణా ముఖద్వారమువద్దనే తీరము తాకెను. బలములో 1977 నాటి దానికి అది పెద్దగా తక్కువ కాదు. అయితే ఈమారు హెచ్చరిక ముందుగా చేరెను. తుఫాను షెల్టర్లు కట్టబడియుండెను. లక్షకు మించిన జనులను ముందే ఎత్తైన చోట్లకు తరలించిరి. చనిపోయినవారు వెయ్యికి లోపు. ఆ వెయ్యిలోపు వారును ఎవరో ఒకరి తల్లియు బిడ్డయునే గదా, ఆ లెక్కను తేలికగా చెప్పకూడదు. అయినను పదివేలకును దానికిని ఎంత దూరమో చూడుడి. అధికారులు పని చేసిరి, నిజమే. ఆ యధికారుల మాట విని జనులు లేచి నడచుటకు కారణమేమి? పదుమూడేండ్ల క్రిందటి నవంబరు నెల వారి కన్నులయెదుట ఇంకను నుండెను. బండి ఎక్కుమని వారిని బ్రతిమాలనక్కరలేకపోయెను.

మా సంఘములో దివిసీమనుండి వచ్చి స్థిరపడిన ఒక పెద్దమ్మ యుండెడిది. నవంబరు 19వ తేదీ సాయంకాలము ఆమె పొయ్యి ముట్టించెడిది కాదు. వాకిట మంచము వేసికొని కూర్చుండి, ఇరుగుపొరుగు పిల్లలు చేరినప్పుడు తన యింట పోయినవారి పేర్లు వరుసగా చెప్పెడిది. మామ, అత్త, మరది, ఇద్దరు కొడుకులు, ఆడబిడ్డ. ఏడవది ఆడబిడ్డ కూతురు. పుట్టి కొన్ని దినములే యైనది గనుక దానికింకను పేరు పెట్టలేదు. అందుచేత ఆరు పేర్లు చెప్పి, ఆ పిమ్మట చంటిది అని ఆగెడిది. తరువాత పిల్లలతో ఒక్కటే చెప్పెడిది. మామ గేదెను విడిచి రాలేదర్రా, గేదె పోతే గేదె వస్తుంది, గాలి లేచిందంటే మీరు మాత్రం స్కూలు మేడకు పొండి అని. ఆమె ప్రసంగము అంతే. ఎన్నడును వేదిక ఎక్కలేదు. ఆ వాకిట కూర్చున్న పిల్లలు ఇప్పుడు పెద్దవారై తమ పిల్లలకు ఆ గేదె సంగతి చెప్పుచున్నారు. ఆమె పోయి చాలకాలమైనది.

యెఫ్తా కుమార్తెను గూర్చి ఏటేట నాలుగు దినములు ఇశ్రాయేలీయుల కుమార్తెలు వెళ్లి చెప్పుకొనెడివారని న్యాయాధిపతులు 11:40 లో నున్నది. ఆ బిడ్డ పేరు ఆ గ్రంథములో లేదు. పేరు తెలియకపోయినను దినము మాత్రము నిలిచెను, నిలిపినవారు ఆడపిల్లలు. తండ్రి తొందరపాటు మ్రొక్కుబడి వలన ఒక ప్రాణము పోయెనను సంగతిని వారు దాచలేదు, మెత్తగా చేయనులేదు. గెదల్యా దినమును గూర్చి పైన చెప్పినది ఇక్కడను వర్తించును.

బేతేలువారు అడిగిన ప్రశ్నకు చివరకు జవాబు దొరకెనా? ఎనిమిదవ అధ్యాయము కడపట దొరకెను. ఆ నాలుగు నెలల ఉపవాసములు సంతోషమును ఉత్సాహమును గలిగిన పండుగలగును, గనుక సత్యమును సమాధానమును ప్రేమింపుడి అని చెప్పబడెను (8:19). తేదీలు కొట్టివేయబడలేదు, అవే నెలలు, అవే దినములు. వాటి లోపలి సరకు మారవలెను. అది ఎట్టి పట్టణములో జరుగునో దానికి ముందే ప్రవక్త చూపెను. చేతికఱ్ఱ పట్టుకొన్న ముసలివారు, ముసలమ్మలు వీధులలో కూర్చుందురు. అదే వీధులలో మగపిల్లలు, ఆడపిల్లలు నిండి ఆడుకొందురు (8:4, 5). ముసలివారు ఇంటిలోపల, పిల్లలు బయట అని ఆయన చెప్పలేదు. ఇద్దరును ఒకే వీధిలో నున్నారు. అడుగుటకును చెప్పుటకును దూరము లేదు.

గనుక పెద్దలకు ఒక మనవి. మీ సంఘములో ఎనుబదియేండ్లు దాటినవారు ఎందరున్నారో చూడుడి. ఒక ఆదివారము ఆరాధన తరువాత, మైకు లేకుండ, చెట్టుక్రింద వారిని కుర్చీలలో కూర్చుండబెట్టి పిల్లలను చుట్టును చాపలమీద కూర్చుండబెట్టుడి. పిల్లలనే అడుగనియ్యుడి. బావి ఎవరు త్రవ్విరి, గుడికి స్థలమిచ్చినదెవరు, గుడిలోనికి ఎవరిని రానీయకపోయిరి, కలరా వచ్చిన యేడు ఏమి జరిగెను, వరద ఎంతవరకు వచ్చెను – ఏది వచ్చిన అది రానిండు. ముసలివారు ఒకరి మాట ఒకరు కాదందురు, తేదీలు తడబడును, దానికి తొందరపడకుడి. చదువుకొన్న పడుచువారొకరు బౌండు నోటుపుస్తకములో అంతయు వ్రాసికొనవలెను. నీరు ఏ గడపవరకు వచ్చినదో చెప్పినప్పుడు ఆ గడపయొద్దకు వెళ్లి కొలిచి వ్రాయుడి. ఆ కొలత మీ మునిమనుమలకు పనికివచ్చును. ఆ దినమున కానుక పట్టినయెడల, ఆ యేడు ఇంటి యజమానిని పోగొట్టుకొన్న కుటుంబమునకు అది వెళ్లునట్లు ముందే చెప్పి పట్టుడి.

ఆ పుస్తకమునందు చనిపోయినవారి పేర్లు వ్రాయునప్పుడు, పేరు పెట్టకముందే పోయిన బిడ్డలకొరకును, పేరు ఎవరికిని తెలియని పరదేశులకొరకును ఒక్కొక్క పంక్తి విడిచి, తేదీ మాత్రము వ్రాయుడి.